బెంగళూరులో ఎక్కడ తినాలంటే... ఎవరితో, ఎన్నింటికి అన్నది ముందు చెప్పండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడ నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. అమ్మానాన్న వచ్చినప్పుడు, ఆఫీసులో ఎవరో "సూపర్ ప్లేస్" అన్నారని శనివారం రాత్రి ఇందిరానగర్ తీసుకెళ్ళారు. యాభై నిమిషాలు బయట నిలబడ్డారు. లోపల డీజే మోత. మెనూ కావాలంటే ఫోన్లో స్కాన్ చేసుకోమన్నారు, నాన్నగారికి ఆ అక్షరాలు ఆనలేదు. అమ్మగారు నాలుగు ఫ్రెంచ్ ఫ్రైస్ కొరికి, ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకున్నారు. వచ్చే నెల వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. అది చాలనట్టు, ఒక శుక్రవారం టీమ్‌లో పన్నెండు మందికి పార్టీ మీ నెత్తిన పడింది. ఎవరి మాట నమ్మాలి, ఎక్కడికి తీసుకెళ్ళాలి అని అడిగారు.

మాది మదనపల్లె. బెంగళూరొచ్చి ఇరవై రెండేళ్ళు. అందులో పదకొండేళ్ళు ఒక కంపెనీలో అడ్మిన్ పని చేశాను. ఎవరి ఫేర్‌వెల్ అయినా, ఏ క్లయింట్ దిగినా టేబుల్ బుక్ చేసేది నేనే, తిండి బాగాలేకపోతే మర్నాడు పొద్దున తిట్లు తినేదీ నేనే. అందుకని ఈ విషయంలో నాకు కాస్త మొండి అభిప్రాయాలున్నాయి, ఓపిక పట్టండి.

మీ ఆఫీసు మనిషి అబద్ధం చెప్పలేదు. ఆయన బహుశా ఏ బుధవారమో, ఏడు గంటలకు, ముగ్గురు స్నేహితులతో వెళ్ళుంటారు. చల్లటి బీరు, ఖాళీ టేబుళ్ళు, మంచి పాటలు. ఆ పూటకు అది సూపర్ ప్లేసే. అదే చోటికి మీరు శనివారం రాత్రి తొమ్మిదింటికి, శాకాహారి అమ్మతో వెళ్ళారు. చోటు మారలేదు, మిగతావన్నీ మారిపోయాయి. అందుకే "బాగుంటుంది" అన్న ఒక్క మాట మీద నేనెక్కడికీ కదలను. ఎవరైనా ఏదైనా చెబితే వెంటనే అడుగుతాను: ఏం తిన్నారు, ఏ రోజు, ఎన్నింటికి, పక్కన ఎవరున్నారు, ఎంతసేపు నిలబడ్డారు, తలకెంత పడింది. ఇది పోలీసు విచారణలా ఉందని మా ఆయన వెక్కిరిస్తారు. అయినా నిజంగా తిని వచ్చిన మనిషి వీటికి టకటకా జవాబిస్తాడు. "అక్కడ అన్నీ బాగుంటాయండీ" అన్నాడంటే రీలు చూసి చెబుతున్నాడనే లెక్క.

ఇంకొకటి కూడా అడగాలి. చివరిసారి ఎప్పుడు వెళ్ళారు? దీనికి నేను బాగానే ఫీజు కట్టాను. కోరమంగలలో ఒక చిన్న కేరళ హోటల్లో ఒకసారి అరిటాకులో చుట్టి కాల్చిన కరిమీన్ చేప తిన్నాను. ఆ రుచి పట్టుకుని మూడేళ్ళపాటు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ హోటలే చెప్పాను. తర్వాత మా ఫైనాన్స్ మేనేజరు కుటుంబంతో వెళ్ళొచ్చి, "మేడమ్, మీరు చెప్పిన హోటలేనా అది?" అని మెల్లిగా అడిగారు. వెళ్ళి చూస్తే పాత వంటమాస్టరు ఏడాదిన్నర కిందటే మానేశాడట. బోర్డు అదే, మెనూ అదే, చేప మాత్రం అప్పటి చేప కాదు. అప్పట్నుంచి ఎవరికి ఏ హోటల్ చెప్పినా పక్కన నెల కూడా చెబుతాను: "ఫలానా నెలలో తిన్నాను, అప్పటికి బాగుంది" అని.

యాప్‌లో చుక్కల సంగతి కూడా అడిగారు కదా. ఈ ఊళ్ళో ఏ హోటల్ చూసినా నాలుగు పాయింట్ ఏదో ఒకటి ఉంటుంది, దాంతో తేలేదేమీ లేదు. బిల్లు ఇచ్చేటప్పుడే ఫోన్ చేతికిచ్చి "ఐదు స్టార్లు నొక్కండి మేడమ్, డెజర్ట్ ఫ్రీ" అనడం నాకే చాలాసార్లు జరిగింది. గులాబ్‌జామూన్ కోసం నేనూ నొక్కాను, దాచడమెందుకు. అందుకని ఐదు చుక్కలవాళ్ళనీ, ఒక్క చుక్కవాళ్ళనీ పక్కన పెట్టి, మూడు చుక్కలు ఇచ్చినవాళ్ళ మాటలు చదవండి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని. "బిర్యానీ పర్లేదు, ఏసీ పక్క టేబుల్ వద్దు, పార్కింగ్ లేదు" అని రాసేది వాళ్ళే. తిన్నవాళ్ళు తీసిన ఫొటోలు చూడండి, హోటల్‌వాళ్ళు పెట్టినవి కాదు. రీళ్ళు చేసేవాళ్ళు డబ్బు తీసుకుంటే అది ప్రకటన అని చెప్పాలన్న మార్గదర్శకాలు 2021 నుంచీ ఉన్నాయి. ఆ మాట ఎక్కడో మూలన చీమ తలకాయంత ఉంటుంది, వెతుక్కోవాలి.

సరే, అమ్మానాన్నల సంగతి. పెద్దవాళ్ళతో ఈ ఊరి తిండి చూడాలంటే రాత్రి కాదు, పొద్దున వెళ్ళాలి. బెంగళూరు మనసు పెట్టి వండేది టిఫినే. పొద్దున ఏడింటికి బసవనగుడిలోనో మల్లేశ్వరంలోనో నిలబడితే ఊరు చల్లగా ఉంటుంది, చెట్లు కనిపిస్తాయి, నాన్నగారికి మాట్లాడ్డానికి సాటి పెద్దమనుషులు దొరుకుతారు.

నన్నడిగితే మొదట గాంధీ బజార్‌లోని విద్యార్థి భవన్. 1943 నాటిది. వారాంతంలో పేరు రాయించుకుని బయట నిలబడాలి, లోపలినుంచి పిలుస్తారు. అందుకే మామూలు రోజున సెలవు పెట్టి వెళ్ళమంటాను. లోపల పాత బల్లలు, గోడల మీద కన్నడ రచయితల బొమ్మలు. పంచె కట్టుకున్న సప్లయరు వంటింట్లోంచి వస్తుంటే మీ నాన్నగారిని చూడమనండి. దోసె ప్లేట్లు మణికట్టు దగ్గర్నుంచి మోచేతి పైదాకా ఒకదాని మీద ఒకటి మెట్లు మెట్లుగా పేర్చుకుని వస్తాడు. ఒక చేయి ప్లేట్ల కింద, రెండో చేయి ఖాళీ. ఎవరిది ఏ బల్లో అడగడు. మీ ముందుకొచ్చి పైనుంచి ఒక్కొక్కటీ పేకముక్క పంచినట్టు దించేసి వెళ్ళిపోతాడు. మా అత్తయ్య మొదటిసారి చూసినప్పుడు, అవి పడతాయేమోనని తన ప్లేటు మర్చిపోయి అతని వెంటే కళ్ళు తిప్పుతూ కూర్చున్నారు. దోసె మనకు అలవాటైన పల్చటి పేపర్ దోసె కాదు. అరచేయంత మందం అనను గానీ మందమే. పైన ముదురు ఎరుపులో కరకర, లోపల మెత్తన, విరిస్తే నెయ్యి వేళ్ళకంటుతుంది. దానిమీదకు పల్చటి కొబ్బరి చట్నీ పోస్తారు, సాంబారు ఉండదు. అత్తయ్య "సాంబారు అడగరా" అని మావాణ్ణి రెండుసార్లు పొడిచారు. రెండో దోసె వచ్చాక ఆ మాటెత్తలేదు.

సాంబారు మాట వచ్చింది కాబట్టి ముందే చెప్పి ఉంచండి: ఇక్కడ ఉడుపి పద్ధతి హోటళ్ళలో సాంబారులో బెల్లం పడుతుంది. గుంటూరు కారం అలవాటైన నాలుకకు మొదటి గరిటె పాకం తాగినట్టుంటుంది. విజయవాడ నుంచి వచ్చిన ప్రతి పెద్దావిడా "ఇందులో చక్కెర ఒలికిపోయిందా ఏంటి?" అని అడగడం నేను విన్నాను. ఆ సాంబారుకు నా మందు, శంకరపురంలోని బ్రాహ్మిణ్స్ కాఫీ బార్. 1965 నుంచీ అసలు సాంబారే లేకుండా నడుపుతున్నారు. ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, కాఫీ, టీ, అంతే. చట్నీ మాత్రం అడిగినన్నిసార్లు పోస్తారు. కుర్చీలుండవు, ప్లేటు పట్టుకుని వీధి అంచునే నిలబడి తినాలి. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులుంటే ఆ పక్క అరుగేదైనా ముందే చూసి పెట్టుకోండి. ఖారాబాత్ అంటే మన టమాటా ఉప్మాకు అన్నయ్య, కేసరిబాత్ అంటే కేసరి. రెండూ ఒకే ప్లేట్లో పక్కపక్కన కావాలంటే చాలా హోటళ్ళలో "చౌచౌ బాత్" అనాలి. చౌచౌ అంటే ఏదో చైనా వంటకమనుకుని మా తమ్ముడు ఆరు నెలలు దాని జోలికి పోలేదు.

లాల్‌బాగ్ రోడ్డులోని ఎమ్‌టీఆర్ పేరు మీకు తెలిసే ఉంటుంది, 1924 నాటిది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యానికి కరువొస్తే రవ్వతో ఇడ్లీ వేసింది తామేనని చెప్పుకుంటారు. ఆ రవ్వ ఇడ్లీ, పక్కన చిన్న గిన్నెలో నెయ్యి, ఇది మాత్రం వదలొద్దు. అక్కడ మధ్యాహ్నం భోజనం కూడా ఘనమైనదే. కానీ వరసగా వడ్డిస్తూనే ఉంటారు, పెద్దవాళ్ళు సగంలో చేతులెత్తేస్తారు. నేనైతే టిఫినుకే తీసుకెళ్ళి, తర్వాత లాల్‌బాగ్‌లో ఒక చుట్టు నడిపిస్తాను. మల్లేశ్వరం వైపు వెళ్తే మార్గోసా రోడ్డులో సీటీఆర్, అక్కడ బెణ్ణె మసాలా దోసె. బెణ్ణె అంటే వెన్న. విద్యార్థి భవన్ గొప్పదా, సీటీఆర్ గొప్పదా అని ఈ ఊళ్ళో అన్నదమ్ములు కూడా వాదులాడుకుంటారు. నాది మొదటిదే, మా ఆయనది రెండోది, ఇరవై ఏళ్ళుగా కాపురం నడుస్తూనే ఉంది.

దూరం సంగతి. వైట్‌ఫీల్డ్ నుంచి కారులో బయల్దేరకండి. మెట్రోలో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారితే గాంధీ బజార్‌కు నేషనల్ కాలేజ్ స్టేషన్, ఎమ్‌టీఆర్‌కు లాల్‌బాగ్ స్టేషన్, మల్లేశ్వరానికి సంపిగె రోడ్ స్టేషన్. అటుపైన ఆటో. గంటకు పైనే పడుతుంది గానీ ఎంత పడుతుందో ముందే తెలుస్తుంది, ఈ ఊళ్ళో అదే పెద్ద భాగ్యం. ఆదివారం మెట్రో మామూలు రోజులకన్నా ఆలస్యంగా మొదలవుతుందని గుర్తుంచుకోండి.

ఇంత దూరం వద్దనుకున్న రోజు ఇంటి పక్క దర్శినికి వెళ్ళండి. నిలబడి తినే సెల్ఫ్ సర్వీస్ టిఫిన్ హోటళ్ళకు ఇక్కడ అదే పేరు, 1980ల్లో జయనగర్ వైపు మొదలై ఊరంతా పాకింది. కౌంటర్లో డబ్బు కట్టి, చీటీ తీసుకెళ్ళి వంటింటి కిటికీ దగ్గర ఇవ్వడమే. కాఫీ "బై టూ" అనండి, ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసిస్తారు. మనవైపు ఇలా అడిగితే పిసినారి అనుకుంటారు. ఇక్కడ కోటీశ్వరుడూ అలాగే అడుగుతాడు.

మధ్యాహ్నానికి వస్తే, మూడో రోజుకల్లా నాన్నగారు "మన భోజనం దొరకదా?" అంటారు. దొరుకుతుంది. మనవాళ్ళు ఈ ఊరికిచ్చిన పెద్ద ఆస్తి ఆంధ్రా మీల్స్. రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున 1984 నుంచీ ఉంది. నందిని, భీమాస్, ఆర్‌ఆర్... ఇలా పేర్లు చాలా. అరిటాకు, పొడి, నెయ్యి, పప్పు, గోంగూర, అడిగినంత అన్నం. ఒంటిగంటకు వెళ్తే ఆఫీసులన్నీ అక్కడే ఉంటాయి, పన్నెండుంబావుకల్లా కూర్చోండి. ఒక మాట మాత్రం: ఇక్కడి "ఆంధ్రా" అంటే బెంగళూరు ఊహించుకున్న ఆంధ్రా. పచ్చిమిర్చి ముద్దలో వేయించిన ఆకుపచ్చ చిల్లీ చికెన్‌ను కన్నడం, తమిళం, హిందీ మాట్లాడేవాళ్ళందరూ "ఆంధ్రా స్పెషల్" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని తింటుంటారు. మా ఇంట్లో గానీ మా మేనత్తల ఇళ్ళలో గానీ దాన్ని వండగా నేను చూడలేదు. బాగుంటుంది, అది వేరే సంగతి.

నాన్నగారు మాంసం తింటారంటే ఒక పూట మిలిటరీ హోటల్‌కు, మాంసాహారం వండే పాతకాలపు హోటళ్ళకు ఇక్కడ అదే పేరు. జయనగర్‌లో శివాజీ మిలిటరీ హోటల్ పేరున్నది. దొన్నె బిర్యానీ, మటన్ చాప్స్. దొన్నె అంటే మన దొన్నే, ఆకుతో కుట్టినది. పొట్టి బియ్యం, పుదీనా కొత్తిమీర దంచి వేయడంతో పచ్చటి రంగు. హైదరాబాద్ బిర్యానీ ఊహించుకుని వెళ్తే కోపమొస్తుంది, పలావు అనుకుని వెళ్తే రెండో దొన్నె అడుగుతారు. మధ్యాహ్నం రెండు దాటితే కావలసింది ఉంటుందని నమ్మకం లేదు. రాగిముద్ద దొరికే చోట అదీ తినండి. మా వైపు సంగటిలో బియ్యం పడుతుంది కాబట్టి కొంచెం నమలొచ్చు. ఇక్కడిది ఒట్టి రాగిపిండి, సారులో, అంటే పులుసులో, ముంచి మింగేయడమే. నమిలితే పళ్ళకు పట్టుకుని పక్కవాళ్ళు నవ్వుతారు.

మీరు రాసిన వచ్చే నెల డిసెంబరో జనవరో అయితే ఇంకొకటి. ఈ ఊరికి అప్పుడు అవరెకాయి పిచ్చి పడుతుంది. మా పాత చిత్తూరు జిల్లా వైపు అనపకాయలంటాం. రాత్రి నానబెట్టి, పొద్దున ఆడవాళ్ళంతా గుమ్మంలో కూర్చుని ఒక్కొక్క గింజా వేళ్ళతో పితికి పప్పు తీస్తారు, అదే పితికిపప్పు. వీళ్ళు "హితికిద బేళె" అంటారు, మాట కూడా మనదానికి తోబుట్టువే. ఏటా అవరె మేళా పెడతారు. చాలాకాలం వీవీపురం తిండి వీధిలో జరిగింది, ఈమధ్య పక్కనే నేషనల్ కాలేజీ మైదానంలో పెడుతున్నారు. అవరె దోసె, అవరె వడ, ఆఖరికి అవరె జిలేబీ కూడా. జిలేబీ ఒకసారికి చాలు. మేళా లేని రోజుల్లో కూడా వీవీపురం వీధి సాయంత్రం ఆరు తర్వాత బాగుంటుంది. అమ్మగారికి వేడివేడి హోళిగె, అదే మన బొబ్బట్టు, పెనం మీదనుంచి తీసి నెయ్యేసి ఇప్పించండి. నిలబడే ఓపిక ఉండాలి, చుట్టూ తోపులాట ఉంటుంది.

రాత్రి పూట పెద్దవాళ్ళతో బయటికి పోవాలంటే పబ్ ఒక్కటే దారి కాదు. జేపీనగర్‌లో రంగ శంకర అని నాటకాల థియేటర్ ఉంది, 2004 నుంచీ నడుస్తోంది. చిన్న హాలు, కింద క్యాంటీన్. అక్కి రొట్టె తిని, కాఫీ తాగి, నాటకానికి వెళ్ళొచ్చు. బెల్లు కొట్టాక ఎంతటివాళ్ళనైనా లోపలికి రానివ్వరు. మేమొకసారి ఆటోలో ఇరుక్కుని నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళి, టికెట్లు చేతిలో పట్టుకుని క్యాంటీన్లోనే సాబుదానా వడలు తిని ఇంటికొచ్చాం. భాష కన్నడమైనా మా మామగారికి కథ మొత్తం అర్థమైంది. నాకు అర్థంకాని రెండు మాటలు ఆయనే చెప్పారు. అది మరోసారి వెళ్ళినప్పటి సంగతిలెండి.

ఇక మీ శుక్రవారం పార్టీ.

పన్నెండు మంది అంటే మొదట "ఎక్కడికి" అని గుంపులో అడగకండి, పన్నెండు ఊళ్ళ పేర్లు వస్తాయి. మూడే మూడు అడగండి: మాంసం ఎవరు తినరు, మందు ఎవరు తాగరు, రాత్రి ఎన్నింటికి ఎవరు ఇంట్లో ఉండాలి. మూడోదానికి జవాబులు చూసే నేను ఏరియా తేలుస్తాను. మీ టీమ్ వైట్‌ఫీల్డ్‌లోనే ఉందంటే విండ్‌మిల్స్ క్రాఫ్ట్‌వర్క్స్ దగ్గర. అక్కడే కాచిన బీరు, గోడలనిండా పుస్తకాలు, జాజ్ కచేరీలు. తలకు కొంచెం ఎక్కువే పడుతుంది, కచేరీ ఉన్న రోజు టికెట్ సంగతి ముందే కనుక్కోండి. ఇందిరానగర్ హండ్రెడ్ ఫీట్ రోడ్డులో టాయిట్ 2010 నుంచీ ఉంది. బీరు తెలిసినవాళ్ళకు, తెలియనివాళ్ళకు ఇద్దరికీ నచ్చుతుంది. మొదటిసారి తాగేవాళ్ళకు బాస్మతి బ్లాండ్ చెప్పండి, తేలిగ్గా ఉంటుంది. శుక్రవారం ఎనిమిది తర్వాత పన్నెండు మందికి అక్కడ చోటు దొరకడం కష్టం, ఆరున్నరకల్లా కూర్చోవాలి. గుంపు పెద్దదై, గోల చేసే రకమైతే హెణ్ణూరు వైపు బిగ్ బ్రూస్కీ. ఆరుబయట, మధ్యలో నీళ్ళు, ఎంత అరిచినా ఎవరికీ పట్టదు, దూరమే దాని లోపం. డబ్బు తక్కువ, పాటలు పాతవి కావాలంటే బ్రిగేడ్ రోడ్ పక్కన రెస్ట్ హౌస్ రోడ్డులో పెకోస్. ఇరుకు మెట్లు, చెక్క బల్లలు, రాక్ సంగీతం. పన్నెండు మందికి కాదు గానీ నలుగురికి అంతకన్నా హాయి లేదు. సిల్కు చీరలో వెళ్ళకండి, నేను వెళ్ళాను.

మారతహళ్ళి, బెల్లందూరు వైపు పబ్బుల్లో "టాలీవుడ్ నైట్" బోర్డులు చూసే ఉంటారు. మన పాటలకు మనవాళ్ళంతా ఊగిపోతారు, ఒకసారి సరదా. టీమ్‌లో తెలుగు రానివాళ్ళు నలుగురుంటే మాత్రం వాళ్ళు రాత్రంతా ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఇంకో సంగతి: అబ్బాయిలే ఉన్న గుంపును చాలాచోట్ల గుమ్మంలోనే ఆపేస్తారు, "స్టాగ్ ఎంట్రీ లేదు" అని. మీరు ఫోన్ చేసినప్పుడే ఎంతమంది ఆడవాళ్ళు, ఎంతమంది మగవాళ్ళు అన్నది చెప్పి, మాట తీసుకోండి. వీలైతే వాట్సాప్‌లో రాయించుకోండి. మాట ఇచ్చిన మేనేజరు శుక్రవారం డ్యూటీలో ఉండడు, అది ఈ ఊరి ఆచారం.

రాయించుకోమని ఎందుకంటున్నానంటే, ఒకసారి పద్నాలుగు మందికి ఫోన్లోనే బుక్ చేశాను. ఎక్కడని చెప్పను. వెళ్ళాక "మినిమమ్ బిల్లింగ్ ఉంది మేడమ్" అన్నారు, అంటే ఇంతకు తగ్గకుండా బిల్లు చేయాలట. అప్పటికే అందరూ కూర్చున్నారు, లేవమనడానికి నోరు రాలేదు. అందులో ఐదుగురు మందు ముట్టరు. ఆ లెక్క చేరుకోవడానికి చివర్లో తినకపోయినా పనీర్ టిక్కాలు ఆర్డర్ చేసి, పార్సిల్ కట్టించుకుని, మర్నాడు సెక్యూరిటీవాళ్ళకు పంచాం. పైగా శాకాహారం, మాంసాహారం స్టార్టర్లు ఒకే పళ్ళెంలో ఒకేరకం గిన్నెల్లో తెచ్చారు. మా జైన్ అమ్మాయి ఆ రాత్రి నిమ్మరసం ఒక్కటే తాగింది. నాకు ఆ బిల్లుకన్నా అదే ఎక్కువ బాధేసింది. ఇప్పుడు శాకాహారులను బల్లకు ఒకవైపు కూర్చోబెట్టి, సప్లయరును పిలిచి ముందే చూపిస్తాను.

బిల్లు వచ్చాక జేబులోంచి కళ్ళజోడు తీయండి. మామూలు రెస్టారెంటులో తిండికి జీఎస్టీ 5 శాతం. గది అద్దె రూ. 7,500 దాటే పెద్ద హోటళ్ళలో ఉన్న రెస్టారెంట్లయితే 18 శాతం. మందు మీద జీఎస్టీ ఉండదు, అది రాష్ట్రం పన్ను. సర్వీస్ ఛార్జి అని 10 శాతం కనిపిస్తే అది కట్టితీరాల్సింది కాదు. బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. "దయచేసి తీసేయండి" అంటే చాలు, గొంతు పెంచనక్కర్లేదు. తీసేయించాక వడ్డించిన కుర్రాడి చేతిలో నేరుగా నగదు పెట్టండి. ఆ 10 శాతం అతనిదాకా ఎంత చేరుతుందో అడిగితే నవ్వి ఊరుకున్నవాళ్ళే అందరూ.

ఇంటికి చేరడం గురించి ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నాను. పబ్బులు ఒంటిగంటకు మూస్తారు. పన్నెండున్నరకే "లాస్ట్ ఆర్డర్" అని లైట్లు పెంచేస్తారు. మెట్రో అంతకుముందే, పదకొండు ప్రాంతంలోనే అయిపోతుంది. అంటే ఒంటిగంటకు హండ్రెడ్ ఫీట్ రోడ్డు మీద వెయ్యిమంది ఒకేసారి క్యాబ్ కోసం ఫోన్ నొక్కుతుంటారు, రేటు రెండింతలు చూపిస్తుంది. పన్నెండుంబావుకు లేవండి, అంతే. ఆటో అయితే రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా "ఒన్ అండ్ హాఫ్", అంటే మీటరుకు ఒకటిన్నర రెట్లు, న్యాయమే, దానికి గొడవపడకండి. డబుల్ అడిగితే ఆటో పిలిచే నమ్మ యాత్రి యాప్ తెరవండి. ఎవరూ బండి తోలొద్దు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారే రూ. 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక పెద్ద బీరుకే ఆ గీత దాటేవాళ్ళుంటారు. మా టీమ్‌లో ఎవరెవరు ఏ క్యాబ్‌లో ఎక్కారో నేను గుంపులో రాయించేదాన్ని, ఇంటికి చేరాక ఒక్క మాట పెట్టమనేదాన్ని. మొదట్లో "అమ్మలా చేస్తున్నారు మేడమ్" అని నవ్వేవాళ్ళు. ఆడపిల్లల ఇళ్ళనుంచి ఫోన్లు రావడం ఆగిపోయాక ఎవరూ నవ్వలేదు.

చివరగా, తిన్నాక మీరు నలుగురికి చెప్పే వంతు వస్తుంది. మీ అమ్మగారు మళ్ళీ పెరుగన్నం కలుపుకోవాల్సిన అవసరం రాకపోతే మీరూ ఎవరికో ఒకరికి చెబుతారు. అప్పుడు ఇలా చెప్పండి. పోయిన నెల నేను మా స్నేహితురాళ్ళకు పంపిందే ఎత్తి రాస్తున్నాను: "మంగళవారం పొద్దున 7:40, గాంధీ బజార్. నేను, అత్తయ్య. పది నిమిషాలు నిలబడ్డాం. మసాలా దోసె రెండు, కాఫీ రెండు. దోసె ఎప్పటిలాగే, కాఫీ ఈసారి కొంచెం పలచన. అత్తయ్యకు గోడవైపు సీటు దొరికింది, అక్కడైతే చేయి ఆనించుకోవచ్చు. పార్కింగ్ ఆశ పెట్టుకోకండి." ఇంతే. పలచన కాఫీ సంగతి రాశాను కాబట్టే వాళ్ళు దోసె మాట నమ్మారు.

మీవాళ్ళు వచ్చే తేదీలు ఖాయమయ్యాక ఒక్కసారి క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. విద్యార్థి భవన్‌కు శుక్రవారం సెలవు, ఎమ్‌టీఆర్‌కు సోమవారం, బ్రాహ్మిణ్స్‌కు ఆదివారం. విద్యార్థి భవన్ మధ్యాహ్నం కూడా కొన్ని గంటలు మూసేస్తారు. మా మరిది హైదరాబాద్ నుంచి వచ్చి ఆదివారం శంకరపురం, సోమవారం లాల్‌బాగ్ రోడ్డు తిరిగి, రెండు మూసిన తలుపులు చూసి, చివరికి మా ఇంటి కింద దర్శినిలో చౌచౌ బాత్ తిని రైలెక్కాడు.